పడకగదిలో పాట: బేసుకు చోటు, ట్రెబుల్‌కు బట్ట



పాట అంటే మన ఉత్తరాంధ్రకు ప్రాణం. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. సుశీల గారు పుట్టిన ఊరు విజయనగరమే. సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గర శివరామపురం. ఇంతమంది మనకు పాటనిచ్చారు. ఆ పాట మన ఇంట్లో సరిగ్గా వినపడుతోందా? ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

సరిగ్గా వినపడటం లేదనే చాలామంది అంటారు. కొత్త స్పీకర్లు కొన్నాం, వేలకు వేలు పోశాం, అయినా పాట బాగా లేదంటారు. ఏం బాగా లేదని అడిగితే రెండు మాటలు చెప్తారు. ఒకటి, బేసు బుంయ్ మంటోంది. రెండు, సౌండు పెంచితే చెవుల్లో గుచ్చుకుంటోంది. ఆ తర్వాత ఏం చేస్తారు? ఇంకో జత స్పీకర్లు కొంటారు. మళ్లీ అదే బుంయ్, మళ్లీ అదే గుచ్చుకోవడం.

తప్పు స్పీకరుది కాదండి. చాలా ఇళ్లల్లో తప్పు గదిది. గదిని బాగు చేసుకోవడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఇవాళ నేను చెప్పేది ఒక్కటే మాట. బేసుకు చోటు, ట్రెబుల్‌కు బట్ట. బేసు, అంటే కింది స్వరాలు, బాగుపడాలంటే స్పీకరు చోటు మార్చాలి. ట్రెబుల్, అంటే పై స్వరాలు, బాగుపడాలంటే గదిలో మందపాటి బట్ట పెట్టాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

మన బొబ్బిలి వీణనే చూడండి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేస్తారు. కుండ, దండి అన్నీ ఒకే చెక్కలోంచి వస్తాయి. తీగ ఒక్కటే మోగితే ఎంత వినపడుతుంది? ఆ నాదాన్ని నింపేది కుండ. కుండ లోపల సరిగ్గా తొలవకపోతే ఎంత మంచి తీగ కట్టినా వీణ పలకదు. స్పీకరు తీగ లాంటిదైతే, మీ గది కుండ లాంటిది. మనం తీగలు మార్చుకుంటూ పోతున్నాం. కుండ వైపు చూడటం లేదు.

వెనకటి ఇళ్లల్లో ఈ ఇబ్బంది అంతగా ఉండేది కాదు. శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్లు ఉండేవి. మట్టిగోడ, పైన తాటాకు. ఊళ్లల్లో పెంకుటిళ్లు ఉండేవి. తాటాకు శబ్దాన్ని పీల్చుకుంటుంది. పెంకుల సందుల్లోంచి శబ్దం బయటికి పోతుంది. రేడియో వీధి అరుగు మీద మోగేది, సగం శబ్దం ఆకాశంలోకి పోయేది. మిగిలింది చెవికి హాయిగా ఉండేది.

ఇప్పుడు మనవి శ్లాబు ఇళ్లు. హుద్‌హుద్, తిత్లీ లాంటి తుఫాన్లు చూసినవాళ్లం. మనకు శ్లాబు ఇల్లే క్షేమం. అందులో సందేహం లేదు. కాని ఆ ఇంట్లో పడకగది ఎలా ఉంటుంది? నాలుగు వైపులా సిమెంటు గోడ, పైన పెయింటు. కింద నున్నటి టైల్సు. మీద కాంక్రీటు. శబ్దం ఏ గోడకు తగిలినా దాదాపు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఒక స్వరం పూర్తయ్యేలోపు దాని మీద ఇంకో స్వరం, దాని మీద ఇంకోటి. అదే మీరు వింటున్న గందరగోళం.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ఈ ప్రసంగం వింటూనే చేయవచ్చు. మీ రేడియో ఎక్కడుంది? గోడ మూలలో ఉందా? గూట్లో ఉందా? బీరువా మీదుందా? కొంచెం లేచి దాన్ని ముందుకు తీయండి. మూలకు దూరంగా, గోడకు కనీసం ఒక అడుగు ఎడంగా ఒక బల్ల మీద పెట్టండి. బల్ల అంచు దాకా జరపండి. ఇప్పుడు నా గొంతు వినండి. ఇందాక కుండలోంచి మాట్లాడినట్టు ఉన్న గొంతు కాస్త తేలికైందా? మాట విడివిడిగా వినపడుతోందా? తేడా తెలిసిందంటే అసలు సంగతి మీకు తెలిసిపోయినట్టే.

ఎందుకలా అవుతుందో చెప్తాను. స్పీకరు బేసు శబ్దాన్ని ముందుకే పంపదు. అన్ని వైపులకూ పంపుతుంది. వెనక గోడ ఉంటే ఆ శబ్దం గోడకు తగిలి ముందుకు వచ్చి కలుస్తుంది. దాంతో బేసు ఆరు డెసిబెల్స్ దాకా పెరగవచ్చు. మూలలో పెడితే రెండు గోడలు, కింద నేల కూడా తోడవుతాయి. బేసు ఇంకా ఊరిపోతుంది. పాట పాడేవాళ్ల గొంతు పెరగలేదు, తబలా మాత్రం పెరిగింది. అప్పుడు గొంతు మునిగిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. దీనికి కొంచెం లెక్క కావాలి, ఓపిగ్గా వినండి. మన ఊరి వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. మీ గది పది అడుగులు అనుకుందాం. అంటే దాదాపు మూడు మీటర్లు. ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి తిరిగి రావాలంటే ఆరు మీటర్లు. 350ని ఆరుతో భాగించండి. 58 వస్తుంది. అంటే సెకనుకు 58 సార్లు ఊగే శబ్దం ఆ గదిలో గోడకూ గోడకూ మధ్య ఊయల కడుతుంది. ఆ రెట్టింపు, 116 దగ్గర కూడా అంతే. మగవాళ్లు మామూలుగా మాట్లాడే గొంతు ఆ 116 చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే వార్తలు చదివే ఆయన గొంతు కూడా కొన్ని గదుల్లో బుంయ్ మంటుంది.

గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉంటే మరీ ఇబ్బంది. మూడు వైపులా అదే స్వరం పెరుగుతుంది. పది బై పన్నెండు గది అయితే కొంత నయం. కట్టుకునేవాళ్లు ఎవరైనా వింటుంటే ఈ మాట మేస్త్రీ చెవిన వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉండకుండా చూసుకోవాలి.

ఆ 58 అన్ని చోట్లా ఒకేలా వినపడదు. గోడ దగ్గర పెద్దగా ఉంటుంది. గది నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. మంచి బేసున్న పాట పెట్టి, గోడ దగ్గర నుంచి నడుమకు మెల్లగా నడవండి. పాట అదే, బేసు మాత్రం తగ్గిపోతుంది. మన జముకుల కథ రికార్డు దొరికితే ఇంకా బాగా తెలుస్తుంది. జముకు తీగను బిగిస్తూ వదులుతూ మీటుతారు కదా. స్వరం పైకీ కిందికీ జారుతుంది. గది బాగా లేకపోతే ఆ జారుడులో ఒకచోట దభీమని పెరుగుతుంది, ఇంకోచోట వినపడదు. కళాకారుడు సమానంగానే మీటాడు. పెంచిందీ తుంచిందీ మీ గదే.

మరి ఏం చేయాలి? బేసుకు చోటు. మొదట స్పీకర్లను మూలల్లోంచి తీయండి. వెనక గోడకు ఒకటిన్నర నుంచి రెండడుగుల దూరం ఉంచండి. చోటు లేకపోతే అడుగైనా సరే. పక్క గోడకు ఉన్న దూరం, వెనక గోడకు ఉన్న దూరం ఒకటే కాకుండా చూడండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, వాటికీ మీకూ అంతే దూరం ఉండాలి. ముగ్గురు మూడు మూలల్లో సమానంగా కూర్చున్నట్టు అన్నమాట. స్పీకరులో చిన్న గుండ్రటి భాగం, ట్రెబుల్ వచ్చేది, మీ చెవి ఎత్తుకు రావాలి.

ఇప్పుడు మీరు కూర్చునే చోటు. మన ఇళ్లల్లో మంచం తల దక్షిణానికో తూర్పుకో వేసి, గోడకు ఆనిస్తాం. దక్షిణ గోడకు తల ఉందనుకోండి. స్పీకర్లు ఉత్తరం గోడ వైపు పెట్టుకోండి. పాట వినేటప్పుడు దిండు గోడకు పెట్టి చేరబడకండి. గోడ దగ్గర బేసు ఎక్కువని ఇప్పుడే చెప్పుకున్నాం. కొంచెం ముందుకు జరిగి, మంచం నడుమకు వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. పన్నెండడుగుల గదిలో మీ వెనక గోడకు నాలుగు, నాలుగున్నర అడుగుల దూరంలో తల ఉంటే బాగుంటుంది. గది నట్టనడుమ మాత్రం వద్దు.

స్పీకరు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఒక ఉపాయం ఉంది. మీరు కూర్చునే చోట, మంచం మీద, స్పీకరును పెట్టండి. పాట వేయండి. మీరు గదిలో తిరగండి. స్పీకరు పెట్టడానికి వీలున్న ప్రతి చోటా వంగి చెవి పెట్టి వినండి. ఎక్కడ మృదంగం దెబ్బ దెబ్బగా, విడివిడిగా వినపడితే అక్కడ గుర్తు పెట్టుకోండి. స్పీకరు చోటు అదే. శబ్దానికి రానుపోను దారి ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు ఈ పని అప్పగించండి. సరదాగా చేస్తారు.

ఇక రెండో సగం. ట్రెబుల్‌కు బట్ట.

గదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్లు ఆగిన తర్వాత టంగ్ మని తీగ లాగినట్టు వినపడుతోందా? రెండు బోసి గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందని దానర్థం. పాటలో స, శ, ష లాంటి అక్షరాలు, తాళాలు, గజ్జెలు అన్నీ ఆ గోడల మధ్య అలాగే కొట్టుకుంటాయి. చెవిలో గుచ్చుకునేది అదే.

దీనికి మందు కనిపెట్టిన పెద్దమనిషి వాలేస్ సాబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం పనికిరాకుండా పోయింది. మాట్లాడిన మాట ఐదు సెకన్లకు పైగా గదిలోనే తిరిగేది. ఆ లోపల పదిహేను అక్షరాల దాకా ఒకదాని మీద ఒకటి పడేవి. సాబిన్ చిన్న వయసు అధ్యాపకుడు. పక్కనున్న నాటకశాలలోంచి కుర్చీల పరుపులు రాత్రిపూట మోసుకొచ్చేవాడు. ఒక్కొక్కటీ పరుస్తూ, ఒక ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచేవాడు. తెల్లారేలోపు పరుపులు మళ్లీ నాటకశాలకు చేర్చేవాడు. పరుపులు పెరిగేకొద్దీ మోత తగ్గిపోయింది. ఎంత మెత్తటి వస్తువుకు ఎంత మోత తగ్గుతుందో లెక్క తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ లెక్కతోనే కట్టారు. ప్రపంచమంతటా ఇవాళ్టికీ ఆ లెక్కే వాడుతున్నారు. దాని మూలం పరుపే, మన ఇంట్లో ఉండే పరుపులాంటిదే.

అందుకే పాట వినడానికి హాలు కంటే పడకగది మేలని నేనంటాను. మంచం మీద పరుపుంది. దిండ్లున్నాయి. దుప్పట్లున్నాయి. సగం మందు అక్కడే ఉంది. మిగతా సగం గోడల మీద పెట్టాలి.

ఏ గోడ మీద, ఎక్కడ? అద్దం తీసుకోండి. మీరు మంచం మీద కూర్చోండి. ఇంట్లో ఒకరిని అద్దం పట్టుకుని పక్క గోడ వెంట జరపమనండి. మీకు అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడుతుందో అక్కడ గుర్తు పెట్టించండి. స్పీకరు శబ్దం గోడకు తగిలి మీ చెవికి వచ్చేది సరిగ్గా ఆ చోటు నుంచే. రెండు పక్కలా అలా చూడండి. ఆ రెండు చోట్ల బట్ట పెడితే చాలు. గోడంతా కప్పక్కర్లేదు.

ఏ బట్ట? మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఉంది చూడండి, దానికి మించింది లేదు. పొందూరు ఖద్దరు ఎంత గొప్పదైనా ఒక్క పొర పలచన, శబ్దాన్ని పట్టలేదు. ఇక్కడ మందం కావాలి. బొంతను గోడకు అంటించకుండా రెండు అంగుళాలు ఎడంగా వేలాడదీయండి. ఆ ఎడం వల్ల ఇంకా ఎక్కువ శబ్దాన్ని పీల్చుకుంటుంది. మన తీరం గాలికి చెమ్మ ఎక్కువ, ఆ ఎడంలో గాలి ఆడితే బూజు కూడా పట్టదు.

చూడ్డానికి బాగుండాలంటే చెక్క చట్రం చేయించుకోండి. లోపల దూది పరుపు ముక్కో, ఉద్దానం కొబ్బరి పీచుతో చేసిన పరుపు ముక్కో పెట్టండి. నాలుగు అంగుళాల మందం ఉంటే మంచిది. పైన గోనె గుడ్డ బిగించండి. నెల్లిమర్ల జూట్ మిల్లును ఎరిగినవాళ్లం, గోనె మనకు కొత్త కాదు. పైన వేసే గుడ్డకు ఒకటే పరీక్ష. నోటి దగ్గర పెట్టుకుని ఊదండి. గాలి అవతలికి పోతే శబ్దమూ పోతుంది, ఆ గుడ్డ పనికొస్తుంది. రెక్సిను పనికిరాదు. శబ్దం దాని మీద పడి వెనక్కి వచ్చేస్తుంది.

ఇంకో రెండు వస్తువుల గురించి జాగ్రత్త చెప్పాలి. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అవి పలచటి అట్ట. పెద్దగా ఉపయోగం లేదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. థర్మోకోల్ కూడా అంతే. అందులో గాలి ఆడదు కాబట్టి శబ్దం లోపలికి పోదు. వాటి మీద డబ్బు పోయొద్దు.

ఈమధ్య బొబ్బిలిలో ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాను. పడకగదిలో ఒక స్పీకరు గూట్లో ఉంది, ఇంకోటి ఇనుప బీరువా మీదుంది. పాట పెడితే బీరువా తలుపు గిర్రుమంటోంది. ద్వారం వారి వయొలిన్ పెట్టారు. కమాను ఎక్కడ తిరుగుతోందో తెలియడం లేదు. ‘యాంప్లిఫయరు మార్చమంటారా?’ అన్నారు మాస్టారు. ముందు స్పీకర్లు దించుదామన్నాను. రెండూ రెండు బల్లల మీదికి వచ్చాయి. బల్లకూ స్పీకరుకూ మధ్య మడతపెట్టిన తువ్వాలు వేశాం. బీరువా నోరు మూసుకుంది. బేసు కుదుటపడింది. తర్వాత బొంతలున్నాయా అని అడిగాను. లోపల్నుంచి అమ్మగారు, ‘అటక మీద మూడున్నాయి బాబూ, అయితే గోడకి బొంతేటి? చూసినోళ్లు ఏటనుకుంటారు?’ అన్నారు. ఈ ఒక్కపూట చూడండమ్మా అన్నాను. మేకులకు తాడు కట్టి బొంతలు వేలాడదీశాం. మళ్లీ అదే వయొలిన్ పెట్టాం. కమాను పైకి వెళ్లి తిరిగే చోట తీగ మీద వచ్చే ఆ చిన్న ఒరిపిడి వినపడింది. మాస్టారు రికార్డు ఆపి, మళ్లీ మొదట్నుంచి పెట్టారు. అమ్మగారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. ‘ఉండనీయండి బాబూ, గలేబు కుట్టుకుంటాను’ అన్నారు. ఆ ఇంట్లో కొత్తగా ఏదీ కొనలేదు.

ఒక సందేహం చాలామందికి వస్తుంది. గోడకు బొంత కడితే పక్కింటికి సౌండు పోకుండా ఉంటుందా? ఉండదు. బట్ట గది లోపలి మోతను తగ్గిస్తుంది, గోడ దాటి పోయే శబ్దాన్ని ఆపదు. దాన్ని ఆపేది బరువైన గోడ, సందుల్లేకుండా మూసుకునే తలుపు. కాని గది బాగుపడితే ఇంకో లాభం ఉంది. మాట స్పష్టంగా వినపడుతుంది కాబట్టి సౌండు తగ్గించి వింటాం. పక్కింటివాళ్లకూ, మన చెవులకూ మంచిదే.

ఇంకో సందేహం. ఆ బొంతలతో బేసు కూడా తగ్గించవచ్చు కదా? కుదరదు. బేసు అల చాలా పొడవు. ఇందాక చెప్పిన 58 శబ్దం అల ఆరు మీటర్లు ఉంటుంది. అంత పొడవు అలను నాలుగు అంగుళాల బట్ట పట్టలేదు. అందుకే బేసు కోసం చోటు మార్చండని ఇంతగా చెప్తున్నాను. బొంతలు మరీ ఎక్కువ కట్టినా తప్పే. పై స్వరాలన్నీ బొంతలు తాగేస్తాయి, బేసు మాత్రం మిగులుతుంది. పాట ముసుగు వేసినట్టు అయిపోతుంది. కట్టండి, వినండి, చాలనిపించిన చోట ఆపండి. యాంప్లిఫయరు మీద మాత్రం ఏ బట్టా కప్పొద్దు. దానికి గాలి ఆడాలి.

మరోసారి చెప్తాను, గుర్తు పెట్టుకోండి. బేసుకు చోటు. స్పీకరు మూలలో వద్దు, గూట్లో వద్దు, బీరువా మీద వద్దు. మీ తల గోడకు ఆనించి వద్దు. ట్రెబుల్‌కు బట్ట. చప్పట్లు కొట్టి చూడండి, అద్దం పెట్టి చోటు వెతకండి, అక్కడ బొంత వేలాడదీయండి.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ముందు మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి వినండి. తర్వాత చోటు మార్చి అదే పాట వినండి. తర్వాత బట్ట కట్టి అదే పాట వినండి. సౌండు మాత్రం మూడుసార్లూ ఒకేలా ఉంచండి, లేకపోతే తేడా తెలియదు. ఇవన్నీ చేశాక కూడా ఏదో లోటుందనిపిస్తే అప్పుడు స్పీకర్ల కొట్టుకు వెళ్లండి. ఏం కావాలో అప్పుడు మీ చెవికే తెలుస్తుంది. కొట్టువాడు చెప్పిందల్లా కొనక్కర్లేదు.